తప్పులు రాసే గీత

మా ఇంట్లో ఒక పసుపు కార్డు ఉంది, ఆటలో తప్పు చేసినవాళ్ళను హెచ్చరించడానికి అంపైర్లు చూపించేది. వంటింట్లో గరిటెలు పెట్టే సొరుగులో, అగ్గిపెట్టెల పక్కన ఉంటుంది. మా ఆవిడ అంపైరింగు పరీక్ష పాసైన కొత్తలో, నేను తడి తువ్వాలు మంచం మీద పడేస్తే నోరు మెదపకుండా ఆ కార్డు తీసి నా మొహం ముందు పెట్టేది. నేను నవ్వేవాణ్ణి. నవ్వినందుకు ఎర్ర కార్డు కూడా చూపించేది. ఎర్రది ఎక్కడో పోయింది, పసుపుది మిగిలింది.

ఆవిడ బడిలో డ్రిల్లు టీచరు. అది జీతం కోసం. ప్రాణమంతా టేబుల్ టెన్నిస్ అంపైరింగులో ఉంది. సెలవు రోజు వస్తే చాలు, నల్ల ప్యాంటు మీద బూడిదరంగు కోటు తొడుక్కుని, ఏదో ఒక హాల్లో బల్ల పక్కన కుర్చీ ఎక్కి కూర్చుంటుంది. ఆడే పిల్లలందరూ ఆవిణ్ణి అంపైరమ్మ అంటారు. ఎదుట భయంతో అంటారు, వెనక మూతి తిప్పుకుంటూ అంటారు. ఇరవై రెండేళ్ళలో ఇచ్చిన నిర్ణయం ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదన్నది ఆవిడ చెప్పుకునే గొప్ప. ఇంట్లో కూడా తీసుకోలేదన్నది నా గోడు.

నేను పత్రికాఫీసులో ప్రూఫ్‌రీడర్ని. నా బతుకంతా తప్పుల మధ్యే గడిచింది. మా పత్రిక మూడో పేజీ అడుగున రోజూ 'సవరణ' అని చిన్న పెట్టె ఒకటి వేస్తాం. నిన్న ఫలానా వార్తలో ఫలానా పేరు తప్పు పడింది, చింతిస్తున్నాం, అని. మా ఆవిడ పొద్దున్నే కాఫీ తాగుతూ ముందు ఆ పెట్టే చదువుతుంది.

"మీవాళ్ళకి సిగ్గనిపించదుటండీ? రోజూ తప్పు చేశామని అచ్చేసుకుంటారు."

"తప్పు చేశాక వేసుకోక ఏం చేస్తాం?"

"చేసేముందు చూసుకోవాలి" అనేది. అక్కడితో ఆ విషయం అయిపోయేది. ఆవిడతో వాదన గోడతో చెప్పుకోవడమే.

ఆవిడ్ని పూర్తిగా తప్పు పట్టడానికి కూడా లేదు. మన హాళ్ళలో పరిస్థితి అలాంటిది. ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద తగాదా అంచు బంతి. బంతి బల్ల పైఅంచును రాసుకుంటూ పోతే మంచి బంతి, కొట్టినవాళ్ళకు పాయింటు. రాసుకోకుండా పోతే బయటిది, అవతలివాళ్ళకు పాయింటు. రెండింటికీ తేడా వెంట్రుకవాసి. చూడగలిగేది ఇద్దరే. ఒకరు ఆ చివర నిలబడి ఆడుతున్న మనిషి, ఇంకొకరు అంపైరు. మన దగ్గర ఆ చివరి మనిషి, బంతి నేల మీద పడకముందే రెండు చేతులూ ఊపేస్తాడు, తగల్లేదు తగల్లేదు అంటూ. కొట్టినవాడు తగిలిందని తల్లి మీద ఒట్టేస్తాడు. తండ్రులు లేస్తారు, కోచులు లేస్తారు, బాబాయిలు ఎక్కడినుంచి వస్తారో తెలీదు. ఆ సంతలో అంపైరు ఒక్క క్షణం తటపటాయించినా చొక్కా పట్టుకుంటారు.

అందుకని ఆవిడకు ఈ విద్య నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడట, "అమ్మాయ్, కుర్చీ ఎక్కేటప్పుడు కళ్ళు వెంట తీసుకెళ్ళు, చెవులు ఇంట్లో పెట్టి వెళ్ళు" అని. ఆడేవాళ్ళు ఏం చెప్పినా అబద్ధమే అనుకోవాలి, కనిపించింది చెప్పాలి, కనిపించకపోతే కనిపించినట్టే చెప్పాలి. మా ఆవిడ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. అవసరమైన దానికన్నా బాగా పాటించింది.

ఇది చెప్పాలంటే మా అమ్మాయి సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

అమ్మాయి కూడా ఆడేది. ఆరేళ్ళప్పుడు బల్ల ఎత్తుకు అందక పీట వేసుకుని మరీ ఆడింది. పదిహేనో ఏట జిల్లా ఫైనలుకొచ్చింది. ఆ రోజు రావలసిన అంపైరుకు జ్వరం. ఇంకెవరూ లేరు. అవతలి పిల్ల కోచే, "మేడమ్ గారినే కూర్చోనివ్వండి, కన్నకూతురని చూసే మనిషి కాదు" అన్నాడు. ఆ పొగడ్తే కొంప ముంచింది. ఆఖరి గేములో మా అమ్మాయి కొట్టిన బంతి అంచు దగ్గర పడింది. అవతలి పిల్ల చేతులూపింది. మా ఆవిడ బయట అంది. మా అమ్మాయి ఆ కంగారులో, "అమ్మా, తగిలిందమ్మా!" అని అరిచింది.

హాలంతా ఘొల్లుమంది. అమ్మా అట, అమ్మా అట, అని ఎవరో వెనకనుంచి వెక్కిరించారు. మా ఆవిడ మొహం జేవురించింది. "ఇక్కడ నీకు అమ్మ లేదు" అని జేబులోంచి పసుపు కార్డు తీసి కూతురికి చూపించింది.

నేను ఆ హాల్లోనే ఉన్నాను, మూడో వరుసలో. లేచి ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు. అమ్మాయి మిగతా పాయింట్లు ఊరికే చేయి ఆడించి ఓడిపోయింది. ఇంటికొచ్చి బ్యాటు అటక మీద పెట్టింది, మళ్ళీ దించలేదు. ఇప్పుడు దానికి ఇరవై రెండు. కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. తల్లితో మాట్లాడుతుంది. అన్నం పెట్టమంటుంది, గొడుగు తీసుకెళ్ళమంటుంది. అంతవరకే. ఏడేళ్ళుగా ఇద్దరి మధ్యా ఆ బంతి పడే ఉంది, ఎవరూ వంగి తీయలేదు. నాకు దాని బాధ కన్నా, ఆ రోజు మూడో వరుసలో కూర్చుండిపోయిన నా బాధ ఎక్కువ.

ఇక అసలు సంగతి. అంపైర్లకు అంతర్జాతీయ బిళ్ళ అని ఒకటుంటుంది. కోటు మీద పెట్టుకునే గుండ్రటి బిళ్ళ. దానికోసం మా ఆవిడ తొమ్మిదేళ్ళు తపస్సు చేసింది. రాతపరీక్ష మూడుసార్లు రాసి గట్టెక్కింది. మిగిలింది విదేశంలో ఒక పోటీకి వెళ్ళి, పరిశీలకుడి కళ్ళెదుట అంపైరింగు చేసి చూపించడం. వాళ్ళ సంఘంవాళ్ళు పెట్టుకున్న నియమం ప్రకారం నలభై ఐదు దాటితే ఆ పరీక్షకు పంపరు. పిలుపొచ్చేసరికి ఆవిడకు నలభై నాలుగేళ్ళ పది నెలలు. అంటే ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి.

అదీ ఏం పోటీ? డెబ్బై దాటిన ఆడవాళ్ళ పోటీ. ఆ మాట విని నేను నవ్వాను. "నవ్వకండి, వాళ్ళు ఆడితే బంతి కనిపించదుట" అని కసిరింది. కోటు రెండుసార్లు ఇస్త్రీ చేయించింది. సూట్‌కేసులో అన్నిటికంటే పైన కార్డులు పెట్టుకుంది.

నేను అక్కడ లేను. ఆవిడ చెప్పిందే చెబుతున్నాను. కల్పించి చెప్పే అలవాటు ఆవిడకు లేదు, అది నా శాఖ.

మొదటి రోజు మధ్యాహ్నం ఫోను చేసింది. గొంతు ఏదోలా ఉంది.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఇక్కడ ఎవరూ అరవట్లేదండీ."

"మంచిదేగా?"

"ఏం మంచి? పాయింటు ఇస్తే కిమ్మనరు. తప్పట్లు కూడా మెల్లగా కొడతారు, పక్కింట్లో పసిపిల్ల పడుకున్నట్టు. నేను సరిగ్గా చేస్తున్నానో లేదో తెలిసి చావట్లేదు."

ఇరవై రెండేళ్ళు తిట్లు తిన్న మనిషికి తిట్లు లేకపోతే దారి తెలియదు కాబోలు. హాలు ఎలా ఉందో చెప్పింది. పన్నెండు బల్లలు, నేలంతా ఎర్రటి రబ్బరు పరుపు. దాని మీదికి బయటి బూట్లతో ఎవరూ అడుగు పెట్టరు. పొద్దున్న ఆవిడ వెళ్ళేసరికి ఒకాయన మూల నుంచి మూలకు ఊడుస్తున్నాడట. ఈవిడ ఆయనకు సంచి అందించి, టీ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ఆయన సంచి తీసుకెళ్ళి గదిలో పెట్టి, టీ కలిపి తెచ్చిచ్చాడు. పది గంటలకు అందరినీ నిలబెట్టి నియమాలు చదివి వినిపించింది ఆయనే. ఆ పోటీకంతటికీ పెద్ద రిఫరీ ఆయనే. మన దగ్గర పెద్ద రిఫరీ సోఫాలోంచి లేవాలంటే ఇద్దరు సాయం పట్టాలి. ఈవిడకు తల కొట్టేసినంత పనైంది. ఆయన మాత్రం, "టీ సరిపోయిందా?" అని అడిగి వెళ్ళిపోయాడట.

ఆడేవాళ్ళను చూసి ఇంకా తికమక పడింది. మా అమ్మ వయసు ఆడవాళ్ళు, మోకాళ్ళ పైకి నిక్కర్లు తొడుక్కుని, నెరిసిన జుట్టు రబ్బరు బ్యాండుతో కట్టి, గెంతుతున్నారు. మొదటి గంట వాళ్ళ కాళ్ళవైపు చూడటానికి ఈవిడకే మొహమాటమేసింది. రెండో గంటకు మొహమాటం పోయి కుళ్ళు మొదలైంది. "డెబ్బై ఆరేళ్ళావిడ అండీ, నాకన్నా తొందరగా వంగి బంతి తీస్తోంది" అంది.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ ఒక కాగితం. మ్యాచి అయ్యాక అంపైరు స్కోరు కాగితం నింపి ఇవ్వాలి. అది మన దగ్గరా ఉంది. అక్కడి కాగితం అడుగున మాత్రం ఒక గీత, గీత కింద ఖాళీ. ఆ గీత మీద, 'ఈ మ్యాచిలో అంపైరుగా నా తప్పులు' అని అచ్చేసి ఉంది.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. ఇంగ్లిషు తనకు సరిగ్గా అర్థం కాలేదేమోనని పక్కనున్నావిణ్ణి అడిగింది. ఆ పక్కావిడ ఇంకో దేశం నుంచి వచ్చిన అంపైరు, హోటల్లో ఇద్దరిదీ ఒకే గది. వృత్తికి వడ్రంగి. చేతులు కూడా అలాగే ఉంటాయట, గరుగ్గా, వెడల్పుగా. ఆవిడ తన కాగితం చూపించింది. 'రెండో గేములో స్కోరు ఒకసారి తప్పు చదివాను. సర్వీసు ఒకటి సరిగ్గా చూడలేదు, ఆ క్షణంలో తుమ్మొచ్చింది.'

"ఇలా రాసేస్తారా?" అంది మా ఆవిడ.

"రాయకపోతే రేపు మళ్ళీ చేస్తాం కదా" అంది వడ్రంగావిడ. చెక్క కొలత తప్పితే ఇంకో చెక్క కోయాలి, అంతే, అన్నట్టు చెప్పిందట.

మా ఆవిడ తన కాగితం మీద 'ఏమీ లేవు' అని రాసింది. ఆ రోజు నాలుగు మ్యాచులు, నాలుగుసార్లూ ఏమీ లేవు. మర్నాడు ఐదు, ఐదుసార్లూ ఏమీ లేవు. నాతో ఫోన్లో, "తప్పులు చేసేవాళ్ళని ఏరి మరీ కూర్చోబెట్టారండీ" అని ముసిముసిగా నవ్వింది కూడా.

రెండో రోజు ఆట ముగిశాక పరిశీలకుడు పిలిచాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఎక్కడికెళ్ళినా చిన్న ఫ్లాస్కు చంకలో ఉంటుంది. ఆయన ముందు ఈవిడ తొమ్మిది కాగితాలూ పరిచి ఉన్నాయి.

"మీ చేతి సైగలు బావున్నాయి. స్కోరు స్పష్టంగా చదువుతున్నారు. కూర్చునే పద్ధతి బావుంది" అన్నాడు.

"థాంక్యూ సర్."

"వీటిలో మాత్రం నాకు చదవడానికి ఏమీ దొరకట్లేదు" అని తొమ్మిది కాగితాల మీదా వేలితో తట్టాడు. "రేపు మీకు సెమీఫైనల్ ఇస్తున్నాను. అది సరిగ్గా జరిగితే సంతకం పెడతాను."

ఈవిడ మొదటి మాటలు పట్టుకుంది, ఆఖరి మాట పట్టుకుంది. మధ్య మాట చెవిన వేసుకోలేదు. చెవులు ఇంట్లోనే ఉన్నాయిగా.

సెమీఫైనల్ పొద్దున పదకొండుకు. ఆ వయసు పోటీల్లో సెమీఫైనలుకు కూడా ఒక్క అంపైరే. ఒకవైపు నీలం చొక్కావిడ, రిటైరైన నర్సు. ఇంకోవైపు తెల్ల చొక్కావిడ, డెబ్బై మూడేళ్ళు, కుడి మోకాలికి పట్టీ. పూర్వం బస్సు నడిపేదట. పరిశీలకుడు దూరంగా అడ్డచెక్కల అవతల కూర్చున్నాడు. ఆయనకు ఆట కనిపిస్తుంది, మాటలు వినపడవు.

చెరో రెండు గేములయ్యాయి. ఐదో గేము తొమ్మిది తొమ్మిది. పదకొండుకు ఆట, పది పది అయితే మాత్రం రెండు పాయింట్ల తేడా రావాలి. సర్వీసు తెల్ల చొక్కావిడది. బంతి ఐదారుసార్లు అటూ ఇటూ తిరిగింది. నీలం చొక్కావిడ గట్టిగా కొట్టింది. బంతి తెల్ల చొక్కావిడ వైపు బల్ల చివరకు వెళ్ళింది. సరిగ్గా అప్పుడు తెల్ల చొక్కావిడ మోచెయ్యి అడ్డొచ్చింది. మా ఆవిడకు బంతి వెళ్ళడం కనిపించింది, నేల మీద పడటం కనిపించింది. మధ్యలో జరిగింది కనిపించలేదు.

కనిపించకపోతే కనిపించినట్టే చెప్పాలి. బయట, అని చెయ్యెత్తి పాయింటు తెల్ల చొక్కావిడకు ఇచ్చింది. పది తొమ్మిది. ఇంకొక్క పాయింటు వస్తే తెల్ల చొక్కావిడ ఫైనల్లో ఉంటుంది.

తెల్ల చొక్కావిడ బంతి తీసుకోలేదు. బల్ల అంచు మీద వేలు పెట్టి, "తగిలింది. పాయింటు ఆమెది" అంది.

ఇక్కడ మా ఆవిడ మనసులో ఏం జరిగిందో నాకు అక్షరం అక్షరం చెప్పింది. మాట అర్థమైంది. ఇంగ్లిషులో అంతకన్నా సులువైన మాట లేదు. కానీ ఇరవై రెండేళ్ళలో తనకు వచ్చిన పాయింటు వద్దన్న మనిషిని ఆవిడ చూడలేదు. కాబట్టి ఇది ఆ మాట కాదు, ఇంకేదో ఎత్తు. ఊపిరి తీసుకోవడానికి సమయం సాగదీస్తోందా? మోకాలు నొప్పా? లేక పరిశీలకుడి ముందు, ఈ పరాయిదేశం అంపైరుకు కళ్ళు లేవని ఎగతాళి చేస్తోందా? ఆ ఆఖరి ఆలోచన రాగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆడండి" అంది.

"అంచుకు తగిలింది. నేను చూశాను" అని ఆవిడ మళ్ళీ అదే చోట వేలు పెట్టింది. ఆడలేదు.

మా ఆవిడ జేబులోంచి పసుపు కార్డు తీసి డెబ్బై మూడేళ్ళ మనిషికి చూపించింది.

హాల్లో ఒక్క గొంతూ లేవలేదు. అదే మన దగ్గరైతే నలుగురు మీదకొచ్చేవాళ్ళు, ఈవిడ ఒంటికాలి మీద లేచేది, ఆ గొడవలో తప్పు ఎవరిదో ఎవరికీ గుర్తుండేది కాదు. అక్కడ ఆ నిశ్శబ్దంలో కార్డు పట్టుకున్న చెయ్యి ఆవిడకే బరువుగా అనిపించిందట. తెల్ల చొక్కావిడ కార్డు వంక చూసి, సరేనన్నట్టు తలూపి, బంతి తీసుకుంది. సర్వీసు చేసింది. నేరుగా నెట్లోకి కొట్టింది.

పది పది.

పొరపాటేమో అనుకుంది మా ఆవిడ. తర్వాతి సర్వీసు నీలం చొక్కావిడది. బంతి వచ్చింది. తెల్ల చొక్కావిడ బ్యాటు పక్కకు దించి, బంతి తన పక్కనుంచి వెళ్తుంటే చూస్తూ నిలబడింది. పది పదకొండు.

కావాలని పాయింట్లు వదిలెయ్యడం తప్పే. నియమం ప్రకారం రెండో కార్డు తీయాలి. ఈవిడ చెయ్యి జేబులోకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అప్పుడు లెక్క తట్టింది. తెల్ల చొక్కావిడకు అన్యాయంగా వచ్చిన పాయింటు ఒకటి, అవతలావిడకు రావలసి రాకుండా పోయింది ఒకటి. మొదటి మాట విని ఉంటే తొమ్మిది పది అయ్యేది, నీలం చొక్కావిడ ఒక పాయింటు ముందుండేది. ఇప్పుడూ ఒక పాయింటు ముందుంది. చెప్తే వినలేదు కాబట్టి, అంపైరు తప్పిన లెక్కను ఆడుతున్న మనిషే సరిచేసి పెట్టింది. ఎగతాళీ లేదు, పాడూ లేదు.

"నా గుండెల్లో రాయి పడిందండీ" అంది ఫోన్లో. ఆ మాట ఆవిడ నోట నేను అంతకుముందు వినలేదు.

తర్వాతి పాయింటుకు మాత్రం తెల్ల చొక్కావిడ మోకాలి పట్టీ సర్దుకుని ప్రాణం పెట్టి ఆడింది. ఇరవైసార్లు తిరిగింది బంతి. చివరికి ఆవిడ కొట్టింది ఒకటి నెట్టు మీద ఊగి తనవైపే పడింది. ఓడిపోయింది. ఇద్దరూ కావలించుకున్నారు. తర్వాత ఇద్దరూ వచ్చి అంపైరుకు చెయ్యి కలిపారు. అక్కడ అది పద్ధతి.

మా ఆవిడ తెల్ల చొక్కావిడ చెయ్యి వదల్లేదు. "ఎందుకలా చేశారు? నేను పాయింటు మీకే ఇచ్చాను కదా" అంది.

"మీకు కనిపించలేదు. నాకు కనిపించింది. అందుకని చెప్పాను" అంది ఆవిడ. సాయం చేసినట్టు చెప్పింది. దారి అడిగినవాళ్ళకు దారి చెప్పినట్టు.

ఇక కాగితం. పసుపు కార్డు చూపిస్తే కారణం రాయాలి. 'ఆట ఆలస్యం చేసింది' అని రాస్తే చాలు. అది అబద్ధం కూడా కాదు, ఆవిడ నిజంగానే సర్వీసు చెయ్యకుండా నిలబడింది. పరిశీలకుడు కార్డు చూశాడు, మాటలు వినలేదు. ఆ మూడు ముక్కలు రాసి, అడుగున గీత కింద మామూలుగా 'ఏమీ లేవు' అని పెడితే, మధ్యాహ్నానికి సంతకం, సాయంత్రానికి బిళ్ళ. తొమ్మిదేళ్ళ తపస్సు. ఇంకో అవకాశం లేదు.

అంపైర్ల గదిలో ఒక బల్ల, వరుసగా కడిగి బోర్లించిన కప్పులు. వడ్రంగావిడ తన కాగితం రాసేసి వెళ్ళిపోయింది. మా ఆవిడ అరగంట కూర్చుంది. ఆ అరగంటా తెల్ల చొక్కావిడ గుర్తుకు రాలేదుట. బల్ల మీద వేలు పెట్టి నిలబడ్డ మనిషి అనుకుంటే, డెబ్బై మూడేళ్ళ మొహానికి బదులు పదిహేనేళ్ళ మొహం వచ్చిందట.

ఆ కాగితం కార్బన్ కాపీ నా దగ్గరుంది. ఇంగ్లిషులో నాలుగు వరుసలు, అందులో మూడు స్పెల్లింగు తప్పులు. తెలుగులో చెబితే ఇంతే: 'బంతి తగిలింది. నాకు కనిపించలేదు. ఆడుతున్నామె చెప్పింది, నేను నమ్మలేదు. నిజం చెప్పినందుకు కార్డు చూపించాను. తప్పు నాది.'

పరిశీలకుడు చదివి, ఫ్లాస్కు మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"కార్డు తప్పుగా చూపిస్తే నేను పాస్ చెయ్యడానికి వీల్లేదు. మీకు తెలుసు కదా?"

"తెలుసు సర్. ఆమె పేరు మీద ఆ కార్డు మాత్రం ఉండకూడదు."

ఆయన స్కోరు కాగితంలో కార్డు గుర్తును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొడి సంతకం చేసి తేదీ వేశాడు. తర్వాత ఈవిడ పరీక్ష కాగితం తీసి, పాస్ కాలేదు అన్న గడిలో గుర్తు పెట్టాడు. లేచి చెయ్యి కలిపి, "పది కాగితాల్లో నేను చదవగలిగింది ఇదొక్కటే" అన్నాడు.

వడ్రంగావిడకు బిళ్ళ వచ్చింది. మా ఆవిడే ఆమె కోటుకు పెట్టిందట. బాధ లేదా అని అడిగాను. "లేకపోవడమేంటి? బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చింది. నేనూ అమ్మాయీ వెళ్ళి తీసుకొచ్చాం. దారంతా అక్కడి బస్సుల గురించి చెప్పింది. ఇంట్లోకొచ్చి కాళ్ళు కడుక్కుని, కోటు హ్యాంగరుకు తగిలించి, కార్బన్ కాపీ తీసి నా ముందు పడేసింది.

"మీ పనే. తప్పులుంటే దిద్దండి."

నేను చదివాను. స్పెల్లింగులు దిద్దాను. అమ్మాయి నా భుజం మీదినుంచి చదివింది. చదివి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఏమే" అంది మా ఆవిడ.

"ఏంటి?"

"ఆ రోజు బంతి తగిలిందా?"

ఏ రోజని అమ్మాయి అడగలేదు. చేతిలో ఉన్న చొక్కాను రెండుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"తగిలిందమ్మా."

మా ఆవిడ మంచం కింది ట్రంకు పెట్టె లాగింది. ఇరవై రెండేళ్ళ స్కోరు కాగితాలు సంవత్సరాలవారీగా కట్టలు కట్టి ఉంటాయి అందులో. వెతుక్కోలేదు. తిన్నగా ఆ కట్ట తీసి, తిన్నగా ఆ కాగితం బయటికి లాగింది. ఏడేళ్ళుగా అది ఎక్కడుందో ఆవిడకు తెలుసన్నమాట. నా చేతిలోంచి కలం లాక్కుని, కూతురి పేరు పక్కనున్న కార్డు గుర్తును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొడి సంతకం చేసి, ఆ ఆదివారం తేదీ వేసింది.

అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. కాగితం తిప్పి తిప్పి చూసింది. తర్వాత అడిగింది.

"మరి నా పాయింటు?"

"పాయింటు రాదు. తర్వాతి బంతి ఆడేశాక మార్చకూడదు. అది రూలు."

"నువ్వు మారవమ్మా" అని అమ్మాయి నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, దాపరికమెందుకు. "ఆ రోజు నేను లేవాల్సిందే అమ్మాయ్" అన్నాను. అది నాకేసి చూసి, "తెలుసు నాన్నా. నువ్వు లేస్తావేమోనని చూశాను" అంది. నాకు తగలాల్సింది తగిలింది.

"మన కాగితంలో తప్పులు రాయడానికి గీత లేదే" అంది అమ్మాయి, కాగితం అడుగున వేలు పెట్టి.

మా ఆవిడ స్కేలు అడిగింది. ఇచ్చాను. కాగితం అడుగున, ఈ చివరినుంచి ఆ చివరి దాకా ఒక గీత గీసింది. గీత కింద రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. రాసింది మళ్ళీ చదువుకుంది.

నేను అలవాటుకొద్దీ చెయ్యి చాచాను. నాకివ్వలేదు. అమ్మాయికిచ్చింది.